నలభై రెండు కట్టలు

మూడో తరగతికని చీపురు పుల్లలు తెచ్చిన.
కొత్త చీపురే. సమానంగ విరిచి సంచిల వేసుకొని
మెట్‌పల్లి బస్సుల నిలబడి వచ్చిన.
"ఇయ్యాల బడి ఊడుస్తవా టీచరమ్మా" అని
కండక్టర్ నవ్విండు.

పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు.
పది కట్టలకు ఇంకో పెద్ద బ్యాండు.
బండల మీద సుద్దముక్కతోని మూడు గళ్లు గీసి
వందలు, పదులు, ఒకట్లు అని రాసిన.
"అంకె అదే, ఇల్లు మారితె విలువ మారుతది" అన్న.
చాన గొప్పగ అన్న.
బండలే విన్నయి.

మూడు వందల నాలుగు రాయమంటె
మణిదీప్ 300 రాసి పక్కన 4 పెట్టిండు.
3004.
తప్పని ఎట్ల అనాలె?
విన్నది విన్నట్టు రాసిండు పోరడు.
మూడు వందల సున్నా పదుల నాలుగని
ఏ అంగట్ల ఏ అవ్వ బేరమాడింది?

అశ్విత వేళ్లు మాత్రం ఆగలేదు.
రబ్బరు బ్యాండు పక్కన పెట్టి
పుల్లల్ని నేలకు టకటక కొట్టి కొసలు కలిపి
ఫ్రాకు అంచుకు ఊగే దారం తెంపి
ఒక కట్ట కట్టింది.
లెక్కపెట్టిన. ఇరవై ఐదు.
మల్ల కట్టుమన్న. చూడకుంటనే కట్టింది. ఇరవై ఐదు.
"పదే బిడ్డా" అన్న.
"పదికి ఎవలు కడ్తరు టీచర్?" అన్నది.

ఆ వాడల ఏ గడపల చూసినా
చాట, చాటల తంబాకు, కత్తెర, తడిపిన తునికాకు.
ఇరవై ఐదు బీడీలు కట్ట.
నలభై కట్టలు వెయ్యి.
మాటలు రాకముందే ఆ లెక్క చెవుల పడ్తది.
పది వేళ్లున్నయి గనుక పదులు అని నేను చెప్తున్న,
గంగామణికి గవే పది వేళ్లు.

ఆ దినం పాఠం గాడనే ఆగింది.

శుక్రవారం లెక్కల నోట్‌బుక్కు బదులు
అశ్విత వాళ్లమ్మ బీడీల బుక్కు తెచ్చింది.
అట్ట మీద నూనె మరక, పేరు సగం చెరిగింది.
వేలు పెట్టి చూపింది, మంగళారం.
1005.
"అమ్మ నలభై రెండు కట్టలు ఇచ్చింది టీచర్, నేనే పేర్చిన.
మున్షీ వెయ్యిన్ని ఐదు రాసిండు.
ఐదు బీడీల కట్ట ఎక్కడన్న ఉంటదా?"

నేను గుణించి చూద్దామని బోర్డు దిక్కు తిరిగిన.
పిల్లకు ఆ అవసరం పడలె.
సున్న ఉండే గడిల ఐదు కూసున్నది,
ఐదు గడిల సున్న.
గా నడుమ పడిపోయినయి నలభై ఐదు బీడీలు,
పొద్దూకే ముంగటి అర్ధగంట,
వంగి వంగి గుంజే మెడ.

సున్న అంటె ఏం లేదు పిల్లలూ అని
పోయినేడు వీళ్లకే చెప్పిన.
సిగ్గైంది.

మణిదీప్ లేచొచ్చి బుక్కులకు తొంగి చూసిండు.
పోయి తన పలక ముంగట కూసొని
చాన సేపటికి
3004ల ఒక సున్న మీద ఉమ్మి తడిపి తుడిసిండు.
ఎవ్వరు చెప్పలె.

మున్షీ దిద్దిండా లేదా నాకు తెల్వదు.
అడిగితె "అమ్మ అడుగుత అన్నది" అని
అశ్విత కిటికీలకెల్లి చూసింది.

సోమవారం తీసివేతలు.
నలభై మూడుల పద్దెనిమిది పోవాలె.
మూడుల ఎనిమిది పోదు,
పక్కింటి నుంచి ఒక కట్ట అప్పు తెచ్చి విప్పాలె.
అశ్విత ఇంటికాడి నుంచే కట్టలు కట్టుకొచ్చింది.
ఈసారి పదివే.
కని రబ్బరు బ్యాండ్లు లేవు, బీడీల దారం,
వాళ్లమ్మ వేసే ముడి.
గోరుతోని గీకిన, రాలె.
పిన్నీసు పెట్టి గుంజిన, రాలె.
క్లాసంత నా మీదికి వంగింది.
ఆఖరికి పిల్లనే నా చేతులకెల్లి గుంజుకొని
పండ్లతోని పుటుక్కున కొరికింది.
పది పుల్లలు బండల మీద చెదిరినయి.

"అప్పు కద టీచర్," అన్నది,
తెగిన దారం జేబుల దాసుకుంట,
"మల్ల కట్టియ్యాలె."